ఉప్పు లేని మండలం

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
12-12-1993

అక్కయ్యకు అచ్యుతం నమస్కారాలు.

గది దొరికింది. బండరాళ్ళ మధ్య మెట్లెక్కి వెళ్ళే సందులో, బాలనర్సయ్య అనే ఆయన ఇంటి పక్క వాటా. ఆయన స్టూడియోలో లైట్లు మోస్తాడు. ఆయన భార్య నీలమ్మ నాకు రెండు పూటలా అన్నం పెడుతుంది. జూబిలీ హిల్స్‌లో డబ్బింగ్ థియేటర్‌కు ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళొచ్చు. సినిమావాళ్ళంతా మద్రాసు నుంచి ఇక్కడికి తరలివస్తుంటే, పెళ్ళివారి వెనక భజంత్రీల్లా మా గొంతులమ్ముకునే వాళ్ళమూ వచ్చేశాం.

అసలు సంగతి ఇది. నువ్వు పోరగా పోరగా బంజారా హిల్స్‌లో సత్యనారాయణమూర్తిగారనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. మద్రాసులో నేను చేసిన నిర్వాకమంతా దాచకుండా చెప్పాను. నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా మాట్లాడుతూనే ఉండటం, వంతెన మీద నిలబడి బస్సులకు డైలాగులు వినిపించడం, చేతి గడియారం నుంచి చెప్పుల దాకా దారినపోయేవాళ్ళకు పంచేయడం, ఆ తర్వాత మూడు నెలలు గోడకేసి తిరిగి పడుకోవడం. ఆయన నవ్వలేదు, జాలీ పడలేదు. "ఇదొక జబ్బు. దీనికి మందుంది" అన్నాడు.

ఆ మందు పేరు వినగానే నువ్వు గుర్తొచ్చావు. లిథియం! నువ్వు పిల్లలకు చెప్పే పట్టికలో ఉండేదే కదా? ఏళ్ళ తరబడి వేసుకోవాలట. నెలనెలా రక్త పరీక్ష చేయించుకోవాలట, నీళ్ళు బాగా తాగాలట, తిండిలో ఏ మార్పు చేసినా ముందు తనకు చెప్పాలట. నీలమ్మ ఏది పెడితే అది తినేవాడికి తిండిలో మార్పేమిటి అన్నాను.

వారం నుంచి వేసుకుంటున్నాను. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
అచ్యుతరామయ్య


పాలకొల్లు
2-1-1994

ఒరేయ్ అచ్యుతం, దీవెనలు.

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చానని మీ బావగారు చెబితే నమ్మకు. ఉల్లిపాయలు తరుగుతున్నాను.

లిథియం సంగతి అడిగావు. మూలకాల్లో మూడోది. లోహాలన్నిటిలోకీ తేలికైనది, కిరసనాయిల్లో వేసినా తేలుతుంది. చాకుతో కోస్తే తెగుతుంది. మంటలో పెడితే ఎర్రగా వెలుగుతుంది. పట్టికలో మొదటి నిలువు వరుస వీళ్ళది. పైన హైడ్రోజన్ అద్దెకున్నట్టు ఉంటుందిగానీ అది వేరే జాతి. లోహాల్లో పెద్దవాడు లిథియం, రెండోవాడు సోడియం, మూడోవాడు పొటాషియం. అన్నదమ్ములు కనక గుణాలన్నీ కలుస్తాయి. ఒకడు చేసే పనికి ఇంకొకడు అడ్డం దూరుతుంటాడు. అటువంటి లోహపు లవణం ఒక మనిషి మనసుకు పగ్గం వేస్తుందంటే, ఇరవై రెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్న నాకే ఒళ్ళు జలదరించింది.

నాకొక ఉపకారం చెయ్యి. మా ఆడపిల్లలకు మూలకాలంటే పుస్తకంలో పేర్లే. సినిమా అంటే మాత్రం చెవులు రిక్కిస్తారు. మీ స్టూడియోల్లో ఏ మూలకం ఏం చేస్తుందో చూసి రాయి. తరగతిలో చదివి వినిపిస్తాను.

మాత్ర మానకు. ఒక్కపూట కూడా మానకు.

మీ అక్కయ్య
జ్ఞానప్రసూనాంబ


ఫిల్మ్‌నగర్
23-1-1994

అక్కయ్యకు,

నీ ఆడపిల్లల కోసం వారమంతా కళ్ళు విప్పుకు తిరిగాను. సెట్లో లైట్ల లోపల వెలిగేది టంగ్‌స్టన్ తీగట. బల్బు పగిలితే బాలనర్సయ్య చూపించాడు, వెంట్రుకంత ఉంది. ఫిల్ముకు పూసిన పూతలో వెండి ఉంటుందట. ఆడని పాత నలుపు తెలుపు సినిమాల ప్రింట్లను కొనుక్కెళ్ళి, కడిగి, ఆ వెండి తీసుకునేవాళ్ళున్నారు. హీరోగారి ముఖం కూడా అందులోనే కరిగిపోతుందన్నమాట. మొన్న ఒక పాటకు హైడ్రోజన్ నింపిన బుడగలు తెచ్చారు. ఎవడో సిగరెట్టు ముట్టించాడు. గుంపులో డాన్సు చేసే అమ్మాయికి కనుబొమలు కాలాయి. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఇక నా గొంతు రాసుకుపోతే పూసే మందులో ఉండేది అయోడిన్.

బాలనర్సయ్యది నల్గొండ వైపు. ఆయన కాళ్ళు రెండూ విల్లులా వంగి ఉంటాయి. ఊరి బావి నీళ్ళలో ఫ్లోరిన్ ఎక్కువట. అదే ఫ్లోరిన్ చిటికెడు ఉంటే పళ్ళకు మంచిదని టూత్‌పేస్టు వాళ్ళు ప్రకటనలిస్తున్నారు. "కొంచెమైతే దవ సార్, ఎక్కువైతే జహర్" అన్నాడు. మందూ విషమూ ఒకటేనన్నమాట. మీ పాఠంలో ఈ ముక్క ఉందో లేదో.

ఇప్పుడు శుభవార్త. ఒక పెద్ద సినిమాలో విలన్‌కు గొంతు నేనే. ఆ నటుడికి తెలుగు ముక్క రాదు. సినిమా నిండా మాటలే. మార్చిలో డబ్బింగు. ఇది బాగా చెబితే ఇక నన్ను మద్రాసు పిచ్చివాడని ఎవరూ అనరు. నాకు అదే కావాలి అక్కయ్యా, ఇంకేమీ అక్కర్లేదు.

అచ్యుతం


పాలకొల్లు
8-2-1994

చిరంజీవి అచ్యుతానికి,

నీ ఉత్తరం తరగతిలో చదివాను. వెండిలో కరిగిపోయే హీరో ఎవరో చెప్పమని పిల్లలు ప్రాణం తీశారు.

విలన్ గొంతు సంగతి విన్నాక ఒక విషయం ఇక వాయిదా వెయ్యలేననిపించింది. నవ్వకుండా చదువు. ఆనాడు నీకు అలా అయిందని తెలిసి మద్రాసు బయలుదేరినప్పుడు, రైలు కిటికీలోంచి సూర్యుడు పైకి వస్తున్నాడు. చేతులు జోడించి మొక్కుకున్నాను. వీడికి మతి కుదిరి మళ్ళీ పనిలో నిలబడితే అక్కాతమ్ముళ్ళిద్దరం మండలం రోజులు ఉప్పు ముట్టమని. అమ్మ ఆదివారాలు ఉప్పు మానేది, నీకు తెలుసు. నేను సైన్సు టీచర్నేగానీ అమ్మ కూతుర్ని కూడా.

వచ్చేవారం రథసప్తమి. ఆ రోజు మొదలుపెడదాం. నలభై ఒక్క రోజులు. అన్నంలో, కూరలో, మజ్జిగలో, దేంట్లోనూ ఉప్పు వద్దు. పచ్చళ్ళు, అప్పడాలు, హోటలు ఇడ్లీలు అసలే వద్దు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు. మనం మనది నిలబెట్టుకోవాలి.

అక్కయ్య


ఫిల్మ్‌నగర్
28-2-1994

అక్కయ్యకు,

నీ ఆజ్ఞ ప్రకారం రథసప్తమి నాటి నుంచి చప్పిడి తిండి. మొదటి రోజు నీలమ్మ కంచం ముందు పెట్టి నా ముఖంలోకి చూసింది. "ఉప్పు లేకుంట గొడ్డు గూడ ముట్టది సార్. గిదేం మొక్కు? మీ అక్కకు జర రాయిన్రి" అంది. రాశాను చూశావుగా.

నాలుక అలవాటు పడుతోంది. ఒళ్ళే మాట వినడం లేదు. కడుపు కుదురుగా ఉండటంలేదు. నీళ్ళు ఎన్ని తాగినా దాహం తీరదు. ఎండలు అప్పుడే ముదిరాయి, మెట్లెక్కి వచ్చేసరికి చొక్కా పిండాల్సి వస్తోంది. చెయ్యి కొంచెం వణుకుతోంది. మందు మొదలుపెట్టినప్పుడు కాస్త వణుకు ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు కనక పట్టించుకోలేదు. రిహార్సళ్ళ ఒత్తిడిలో ఈ నెల రక్త పరీక్షకు వెళ్ళడం పడలేదు. మార్చిలో వెళ్తాను.

అక్షరాలు వంకర పోతున్నాయి, క్షమించు.

అచ్యుతం


పాలకొల్లు
9-3-1994

అచ్యుతం,

ఈసారి దీవెనలు లేవు.

మీ బావగారి స్నేహితుడు వేంకటరమణగారి అబ్బాయి పోయిన వారం నిన్ను కృష్ణానగర్ బస్టాపు దగ్గర చూశాడు. తూలుతూ నడుస్తున్నావట. పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చిందట. పట్టపగలు! నీ ఉత్తరంలో అక్షరాలు చూసినప్పుడే నాకు గుండెలో రాయి పడింది. నిప్పు లేనిదే పొగ రాదు.

నాన్న తాగి వచ్చి గడపలో పడితే మనిద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లోపలికి లాగేవాళ్ళం. నీకప్పుడు ఏడేళ్ళు. ఆ వాసన ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. నువ్వు నాకేమని మాటిచ్చావు? అది కూడా మొక్కులో ఉండి, మందు మింగుతూ! నీకు ఉప్పు మానడం కష్టమైంది కాబోలు, సారా మానడం ఇంకా కష్టమైందా?

నిజమేమిటో రాయి. రాసేదాకా నాకు ముద్ద దిగదు.

జ్ఞానప్రసూనాంబ


ఫిల్మ్‌నగర్
16-3-1994

అక్కయ్యకు,

నేను తాగలేదు. అమ్మ మీద ఒట్టు.

ఎక్కువ రాయలేను. పెన్ను నిలవడం లేదు. అడుగు వేస్తే నేల పక్కకు జరుగుతోంది. రెండు రోజులు వాంతులు. సోమవారం డబ్బింగుకు వెళ్ళాను. మొదటి డైలాగే నాలుక తిరగలేదు. పది సార్లు చెప్పించారు. ఇంజనీరు అద్దం వెనక నుంచి నవ్వాడు. "ఇంటికెళ్ళి మత్తు దిగాక రండి" అన్నారు. వాళ్ళూ నీలాగే అనుకున్నారు.

తప్పు నాదే. చెప్పకుండా దాచాను. ఈ నెల మొదట్లో ఒకనాడు ఆకలికి తట్టుకోలేక నీలమ్మ చేసిన పచ్చిపులుసు పోసుకుని తిన్నాను. అందులో ఉప్పుంది. మొక్కు చెడింది. అందుకే దేవుడు నాలుక పట్టుకున్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ మొదటి రోజుగా లెక్క పెట్టి, ఈసారి మరీ గట్టిగా ఉంటున్నాను. మజ్జిగ కూడా మానేశాను. మాత్ర మాత్రం ఒక్కపూటా మానలేదు. నువ్వు మానొద్దన్నావుగా.

నా మీద కోపం పెట్టుకోకు.

అచ్యుతం


పాలకొల్లు స్టేషను
21-3-1994

నాన్నా అచ్యుతం,

ఈ ఉత్తరం కంటే ముందు నేనే నీ దగ్గరుంటాను. అయినా రైలు వచ్చేలోగా ఇది రాయకపోతే నాకు ఊపిరాడదు.

పొద్దున నీ ఉత్తరం స్కూలుకు పట్టుకెళ్ళాను. నాలుగుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి గోడ మీద పట్టిక చుట్టి పెడుతుంటే మొదటి నిలువు వరుస మీద నా చెయ్యి పడింది. లిథియం, దాని కింద సోడియం. ఉప్పంటే సోడియమే కదరా. సగం సోడియం, సగం క్లోరిన్. వాళ్ళు అన్నదమ్ములని, ఒకడి పనికి ఇంకొకడు అడ్డం దూరతాడని నీకు రాసింది నేనే. రెండు నెలలు తిరక్కుండా ఉప్పు మానమన్నదీ నేనే.

ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టర్ శారదాదేవిగారు పెద్ద పుస్తకం తీసి చూశారు. ఒంట్లోకి సోడియం రాకపోతే మూత్రపిండాలు దాన్ని ఎక్కడికక్కడ పట్టి ఉంచుకుంటాయట. ఆ పట్టులో లిథియాన్ని కూడా బయటికి పోనివ్వవట. రోజూ వేసే మాత్రే పేరుకుపోయి విషమవుతుందట. వణుకు, వాంతులు, తూలడం, మాట ముద్దవడం, అన్నీ నీ ఉత్తరంలో ఉన్నవే. "ఇవాళే ఆసుపత్రిలో చేర్పించండి, ఆలస్యమైతే మనిషి దక్కడు" అన్నారు.

స్టూడియోకు ఫోను చేస్తే నువ్వు వారం నుంచి రావడంలేదన్నారు. నీకూ బాలనర్సయ్యకూ కలిపి టెలిగ్రాం ఇచ్చాను. మాత్ర ఆపమని, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని, ఉప్పు తినమని. అది అందేలోగా నువ్వు ఇంకొక్క మాత్ర వేసుకుంటావేమోనని భయంగా ఉంది. ఒక్కపూటా మానొద్దని నేనే చెప్పాను.

దేవుడికి నీ మీద కోపం లేదు. పచ్చిపులుసు తిన్న ఆ ఒక్క పూటే నీకు మంచి జరిగింది. నువ్వు తాగలేదు. నీ చేతికి విషమిచ్చి, చెయ్యెందుకు వణుకుతోందని నిన్ను తిట్టాను.

రైలు వస్తోంది. బతికి ఉండు.

అక్కయ్య


ఫిల్మ్‌నగర్
2-6-1994

అక్కయ్యకు అచ్యుతం నమస్కారాలు.

నువ్వు వెళ్ళి నెల దాటింది. స్కూలు తెరవకముందే రాయాలని కూర్చున్నాను. నా చేతిరాత ఇంతకంటే బాగుపడదట, కొంచెం వణుకు మిగులుతుందన్నారు.

బాలనర్సయ్య నీ టెలిగ్రాం కథ సందంతా చెబుతున్నాడు. "అక్క తార్ పంపింది. ఉప్పు తినుమని ఉన్నదంట. గిదేంది, గమ్మత్తు చేస్తున్నదా అనుకున్న. పోస్టాయన చదివి, ముందుగాల సార్‌ను దవాఖానకు తీస్కపో అన్నడు. ఆటోల పండవెట్టుకొని పోయిన." ఆయన ఆరోజు ఆ వంకర కాళ్ళతో నన్ను మెట్ల మీదుగా మోసుకుని దించాడు. ఐదు రోజులు నాకు నరంలోకి ఎక్కించింది మరేమీ కాదు, ఉప్పునీళ్ళే.

విలన్ గొంతు ఇంకొకరు చెప్పేశారు. సినిమా వచ్చేవారం విడుదల. గోడ మీద బొమ్మ చూసి తల తిప్పుకున్నాను. నా మాట తిరిగి వచ్చింది. గుక్క తిప్పుకోకుండా చెప్పాల్సిన చోట మాత్రం నాలుక ఇంకా తడుముకుంటోంది.

డాక్టరుగారు మళ్ళీ లిథియమే ఇచ్చారు. సగం మోతాదు, వారం వారం రక్త పరీక్ష. నువ్వు చేసిన పొరపాటు సంగతి తెలిసి, "మందు తప్పు లేదు, మనసుకు అది పనిచేసింది, మనమే దాన్ని చూసుకోలేదు" అన్నారు. ఆ పొట్లం పదకొండు రోజులుగా అలమరలో అలాగే ఉంది. విప్పలేకపోతున్నాను. ఒకసారి నా నాలుక లాగేసినదాన్ని మళ్ళీ నాలుక మీద ఎలా పెట్టుకోను? కానీ నీతో అబద్ధమాడను. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు. తలలో మాటలు పరుగెడుతున్నాయి. నిన్న చేతి గడియారం తీసి నీలమ్మకు ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు.

ఆ గొడవలోనే ఆవిడ నీ గుట్టు బయటపెట్టింది. "మీ అక్క ఉన్నన్ని దినాలు ఉప్పు ముట్టలే సార్. ఆమెకు అలగ్ వండిన. మీకు చెప్పొద్దన్నది." బావగారికి కార్డు రాసి అడిగాను. ఇప్పటికీ నువ్వు తినడంలేదని, ఇక జన్మలో తిననన్నావని, చిక్కి సగమయ్యావని ఆయన రాశారు. చేసిన పొరపాటుకు శిక్ష అనుకున్నావా ఇది? తిండిలో మార్పు చేస్తే చెప్పమని డాక్టరు చెప్పింది నాకు. మర్చిపోయింది నేను. నీకు నువ్వు శిక్ష వేసుకుంటే నా నేరం ఎక్కడ పెట్టుకోను?

అందుకని ఇది నా షరతు. నువ్వు అన్నంలో ఉప్పు వేసుకున్నానని రాసిన రోజున నేను మాత్ర వేసుకుంటాను. అంతదాకా వేసుకోను.

అచ్యుతం


పాలకొల్లు
8-6-1994

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. చదివి వంటింట్లోకి వెళ్ళాను. మీ బావగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అన్నం వడ్డించుకుని, పప్పు కలుపుకుని, ఉప్పు వేసుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపు ఆగలేదు. ఈసారి ఉల్లిపాయలు లేవు.

నేను ఉప్పు మానింది పశ్చాత్తాపమనుకున్నాను. కాదురా. భయం. నిన్ను చంపబోయిన చేత్తో మళ్ళీ హాయిగా అన్నం తినడం నాకు చేతకాలేదు. ఆ తిండి తినీ తినకా ఉంటే కొంత తీరుతుందనుకున్నాను. ఏమీ తీరలేదు. ఆసుపత్రిలో నువ్వు గోడకు చేరగిలబడి, నోరు కదిపినా మాట రాక నన్ను చూసిన ఆ చూపు నాకు అలాగే ఉంది. ఉంటుంది. దానికి మందు లేదు.

కానీ నీ షరతు నేను ఒప్పుకోను. నేను తింటేనే నువ్వు మింగుతానంటే, అది నేను రైల్లో మొక్కిన మొక్కు లాంటిదే. వాడు బాగుంటే ఇది మానతాను, ఆవిడ తింటే అది వేసుకుంటాను. మన ప్రాణాలు ఒకదానికొకటి ముడివేసి బేరాలాడే అలవాటు మన ఇంట్లో ఇక చాలు. నువ్వు మింగినా మింగకపోయినా నేను తింటాను. నేను తిన్నా తినకపోయినా నువ్వు మింగాలి. అది నీ జబ్బుకు మందు, నా తప్పుకు కాదు.

గడియారం పంచబోయావని రాశావు. అది దేనికి మొదలో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకో రోజు ఆగకు. ఉప్పు తిను, నీళ్ళు తాగు, మాత్ర వేసుకో, వారం వారం రక్తమిచ్చిరా.

నువ్వు వేసుకున్నావని తెలిసేదాకా రెండో ముద్ద తిననని అనబోయి నాలుక కరుచుకున్నాను. తిన్నాను. కంచం ఖాళీ చేశాను.

మీ అక్కయ్య
ప్రసూన


ఫిల్మ్‌నగర్
14-6-1994

అక్కయ్యా,

కార్డు ముక్కే. నిజం చెప్పేస్తున్నాను, తిట్టుకో. నీకు ఆ షరతు రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చిన సాయంత్రమే పొట్లం విప్పి మాత్ర వేసుకున్నాను. నువ్వు తినే దాకా ఆగుదామనే అనుకున్నాను, ఉండలేకపోయాను. ఆ సంగతి రాస్తే నువ్వు తినవని రాయలేదు. పన్నెండు రోజులైంది. నిన్నటి రక్త పరీక్ష బాగుందన్నారు. రాత్రి ఏడు గంటలు నిద్రపోయాను.

అచ్యుతం